పుష్ రాడ్‌కు రాసిన చీటీ

డెబ్బైల చివర, మా నేత చీరలు మోసే పాత వ్యానుకు ఇంజిన్లో పుష్ రాడ్ వంగిపోయింది. తిరుత్తణి అంతా గాలించినా అది దొరకలేదు. తిరువళ్ళూరులో పనిచేసే బావకు, అక్కడి స్పేర్ పార్టుల అంగడిలో ఇమ్మని తమిళంలో చీటీ రాసిచ్చాను. మెకానిక్కులు అనేటట్టే "పుష్ ఒకటి" అని రాశాను. మూడు రోజులు ఎదురుచూస్తే, జానెడు కడ్డీకి బదులు ఉంగరమంత బుష్ తెచ్చాడు!

"కండ్లు యాడ పెట్టుకున్నావు బావా?" అని అరిచాను.

"నా మీదెందుకు అరుస్తావు? అంగడాయన నీ చీటీ చూసే ఇచ్చినాడు."

చీటీ లాక్కుని చదివాను. తమిళంలో పు, బు రెండింటికీ ఒకటే అక్షరం. తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. కోపంకొద్దీ ఇంకో చీటీ రాయడానికి కాగితం వెతికాను.

"రాసింది చాలు," అన్నాడు బావ. "ఆ వంగిన కడ్డీనే ఇయ్యి, చూపిస్తాను."