చిలకపచ్చ పంచె కట్టిన శివుడు

కోరుట్లలో దేవుని పటాలు కట్టే జలపతికి సిరిసిల్లలో రెండో కాపురం ఉందని మా వాడలో లేచిన మాట శుద్ధ అబద్ధం. నలభై దాటినా మొదటి కాపురమే పెట్టని మనిషికి రెండోది ఎక్కడిది? సంబంధం మాట ఎత్తితే చాలు, అద్దం కొయ్యాలంటూ లోపలికి జారుకునేవాడు.

ప్రతి మంగళవారం దుకాణం మూసి జగిత్యాలలో బస్సు మారి సిరిసిల్లకు పోవడం మాత్రం నిజమే. సంగతి తేలేదాకా ఎదురింటి లచ్చవ్వకు అన్నం సహించలేదు. వేములవాడలో మొక్కు ఉందని కోడలికి చెప్పి, ఒక మంగళవారం అదే బస్సులో వెనక సీట్లో కొంగు కప్పుకొని కూర్చుంది.

జలపతి వెళ్లింది జాకెట్లు కుట్టే లీల దుకాణానికి. భర్త పోయాక లీల మిషన్ మీదే బతుకుతోంది. జాకెట్లు కుట్టగా మిగిలిన జరీ ముక్కలు జలపతికని దాచిపెడుతుంది. అతను వాటిని చీరల్లా కత్తిరించి, అచ్చు పటాల్లోని అమ్మవార్లకు బంకతో అంటించి, చుట్టూ చెమ్కీలు అద్దుతాడు. ఇక్కడి ఆడవాళ్లకు ఒట్టి కాగితం లక్ష్మి కంటికి ఆనదు, చీర కట్టిన లక్ష్మే కావాలి.

లచ్చవ్వ బయట నిలబడి చెవులు రిక్కించింది.

"ముక్కలున్నయా?"

"ఉన్నయి."

"మంచిగున్నయి."

అంతే. జలపతి సంచి పట్టుకొని వెళ్లిపోయాడు. ఇంత దూరం వచ్చింది దీనికేనా అని లచ్చవ్వకు ఒళ్లు మండింది. జాకెట్ కొలతల సాకుతో లోపలికి వెళ్లి లీలను కదిపింది. ముంబై దగ్గర భీవండిలో ఉన్న అన్న రమ్మంటున్నాడట. దసరా కాగానే దుకాణం ఎత్తేస్తుందట. జలపతి ఇప్పుడు నోరు విప్పకపోతే ఇక విప్పినా లాభం లేదు.

మర్నాడు లచ్చవ్వ జలపతి దుకాణానికి వెళ్లేసరికి పటం కోసం వచ్చిన రాజన్న గొడవ పడుతున్నాడు. ఆ వారం లీల ఇచ్చినవన్నీ చిలకపచ్చ ముక్కలే. లక్ష్మికి అదే, తెల్లచీర సరస్వతికీ అదే.

"ఏంది జలపతీ, శివుని పులితోలు ఏమాయె?"

"ముక్క మిగిలిందే మామా. పారెయ్య మనసొప్పలే."

"మిగిలితే ఆంజనేయునికి గూడ కడుతవా?"

జలపతి మెల్లగా గోడ వైపు చూశాడు. ఆంజనేయునికి అప్పటికే కట్టి ఉంది.

రాజన్న నవ్వుకుంటూ వెళ్లిపోయాక, జలపతి అద్దాలు కోసే పెద్ద బల్లను గోడకు నెట్టడం మొదలుపెట్టాడు. లచ్చవ్వ ఇక ఆగలేదు.

"లీల భీవండి పోతాందట, ఎరుకేనా? చేసుకుంటనని అడిగినవా లేదా? సక్కగ చెప్పు!"

జలపతి చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీద నుంచి తల ఎత్తలేదు.

"నేనేం అడగలే పెద్దమ్మా. పోతాందని ఎరుకైనంక నిన్న రాత్రి ఫోన్ చేసి, పోయేముందు ముక్కలన్నీ నాకే ఇచ్చిపో అన్న. 'ముక్కలేనా, మిషన్ గూడ పెట్టుకుంటవా?' అన్నది. గందుకే జాగ చేస్తున్న. జర గా దిక్కు పట్టు."