సాన మీద శొంఠి

దయ్యాలంటే నాకు మొదటినుంచీ లెక్కలేదు. చింతచెట్టు మీద దయ్యం ఉందని వీధంతా హడలిపోతే, మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు దగ్గరికే వెళ్లి చిగురు కోసుకొచ్చినదాన్ని. అయినా ఇది చెప్పాలి.

అవి యుద్ధం రోజులు. మా ఆయన పటాలంలో చేరి బర్మా వైపు వెళ్లారు. ఏడాది దాటినా ఉత్తరం లేదు. తిరుచానూరులో నేనూ మా అత్తా గుడి దగ్గర పూలమ్ముకుని బతికేవాళ్లం. ఆయన ఉన్నారో లేరో అన్న మాట ఇద్దరం పైకి అనేవాళ్లం కాదు.

ఆయనకో పాడు అలవాటుండేది. నాకు పడిశం పట్టి తలనొప్పి వస్తే చాలు, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేవారు. అదీ దేవుడికి గంధం తీసే సాన మీద! దాని మీద ఇంకేదీ తాకించకూడదని మా అత్త ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. పెళ్లాం నుదుటికి మామూలు రాయి పనికిరాదని ఆయన వాదన. నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఆ చలికాలం ఊరంతా జ్వరాలు. నాకూ పడిశం, దగ్గు, ఒళ్లునొప్పులు. కనుగుడ్డు కదిపితే తల పగిలిపోయేది. మా అత్త కషాయం తాగించి, తలుపు దగ్గరగా వేసి, పూలగంపతో వెళ్లింది. ఆయన ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటూ కళ్లు మూసుకున్నాను.

నుదుటి మీద చల్లగా తగిలింది. తర్వాత సన్నగా మంట. ఆ మంట నాకు తెలుసు. కళ్లు తెరిస్తే పోతుందేమోనని తెరవలేదు. అలాగే నిద్రపట్టింది.

మా అత్త కేకతో లేచాను. "దేవుని సాన మీద శొంఠి తీసినావేమే? నీకూ వాని బుద్ధే వచ్చిందా?"

"నేను లేయనే లేదత్తా," అన్నాను.

ఆమె వచ్చి నా నుదురు తాకింది. పట్టు ఇంకా పూర్తిగా ఆరలేదు. "పక్కింటామె వచ్చినాదేమో," అంది. పక్కింటామె కూడా జ్వరంతో పడి ఉందని ఇద్దరికీ తెలుసు. పైగా దేవుడి సాన ముట్టే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. అత్త అక్కడే కూలబడింది.

"వచ్చినోడు నాకు కనపడకుండా యాడికి పోయినాడే?" అని ఏడ్చింది.

ఆయన రాలేదు. ఏ కబురూ రాలేదు. జ్వరం మత్తులో నేనే లేచి వేసుకున్నానేమో అనుకుందామంటే, నా వేళ్లకు శొంఠి వాసన లేదు. ఎలా జరిగిందో నేటికీ చెప్పలేను.

తర్వాత పడిశం పట్టిన ప్రతిసారీ నేను ఏ మందూ వేసుకోలేదు. కళ్లు మూసుకుని పడుకునేదాన్ని. తలనొప్పి దానంతట అదే తగ్గిపోయేది. తగ్గినందుకు ఏడ్చేదాన్ని.