ఎద్దు గంటను వేలానికి పెట్టిన రోజులు

భద్రాచలం అవతల అడవి అంచున మా పుట్టిల్లు. మా నాన్న బండి మీద వెదురు తోలేవాడు. ఎడమ పక్క నడిచే దాపటి ఎద్దు మెడకు ఒక కంచు గంట కట్టేవాడు. దోసిలి నిండేంత పెద్దది. ఒకసారి దాని నాలుక ఊడి దారిలో ఎక్కడో పడిపోయింది. వెతికితే దొరకలేదు. నాన్న బండి చక్రానికి కొట్టే ఇనుప సీల ఒకటి తీసుకుని లోపల తీగతో కట్టాడు. అప్పటి నుంచి అది కొంచెం బొంగురుగా మోగేది. నాన్న పోయాక ఎడ్లను అమ్మేశారు. బండి వానకు తడిసి పాడైంది. గంట నా వాటాకు వచ్చింది.

ఖానాపురం హవేలి అనే పేటలో మేము ఒక ఇంటి వెనక భాగంలో కిరాయికి ఉంటున్నాం. ముందు భాగంలో ఇంటావిడ ఉంటుంది. నాకంటే కొంచెం పెద్దది. మా ఆయన గ్రానైటు యార్డులో పగటి వాచ్‌మన్. నేను జాకెట్లు కుడతాను. తొక్కే మిషను మీద కుట్టి కుట్టి మోకాళ్లు పట్టేశాయి. దానికి మోటారు పెట్టించుకోవాలని ఉండేది. గంట మంచం కింద సంచిలో ఊరికే పడి ఉంది. పాత వస్తువులను ఫోన్లో వేలం వేస్తారని, మంచి ధర వస్తుందని మా అమ్మాయి చెప్పింది. పండక్కి వచ్చినప్పుడు నా ఫోన్లో ఆ యాప్ పెట్టి, వాడడం నేర్పి వెళ్లింది.

ఫోటో పెట్టాలి, కింద నాలుగు మాటలు రాయాలి. చూసినవాళ్లు ఒకరి మీద ఒకరు ధర పెంచుతూ రాస్తారు. సాయంత్రానికి ఎవరిది ఎక్కువైతే వాళ్లకు వస్తువు. నాలుగు మాటలు నేనే రాశాను. నాకు చిన్నప్పుడు చదువు లేదు. నడివయసు దాటాక చర్చి వరండాలో ఆడవాళ్లకు పెట్టిన క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఫోన్లో ఒత్తులు వెతుక్కోవడానికే చాలాసేపు పట్టింది. ‘పాత కంచు గంట. మా నాన్నది. బాగా మోగుతుంది’ అని రాశాను.

ఆ రోజు ధర పెరుగుతుంటే నాకు చర్చిలో కోత పండుగ గుర్తొచ్చింది. మొదటి పంట అని ఒకరు గుమ్మడికాయ తెస్తారు, ఒకరు కోడిపుంజును తెస్తారు. వాటిని ఆవరణలో వేలం పాడతారు. బావామరుదులు పంతానికి పాడి సొరకాయ ధరను ఆకాశానికి ఎత్తుతారు. అందరూ నవ్వుతారు. పాడుకున్నవాళ్లు వస్తువు ఆ పూటే పట్టుకుపోతారు. డబ్బు వచ్చే ఆదివారం తెచ్చి ఇస్తారు. ఎవరైనా ఎగ్గొట్టారని నేను ఎప్పుడూ వినలేదు. వేలంపాట అంటే నాకు తెలిసింది అదే.

అందుకే, గంట పాడుకున్నాయన ‘అమ్మా, భద్రాచలం బస్సుకు పార్శిల్ వేయండి, అందగానే డబ్బు పంపుతా’ అని రాస్తే నాకు అందులో తప్పేమీ కనపడలేదు. మా ఆయన పాత లుంగీలో చుట్టి, బస్టాండుకు వెళ్లి పార్శిల్ వేసి వచ్చాను. పంపేవారి చిరునామా అడిగితే నా పేరు కింద డోర్ నంబరుతో సహా ఇంటావిడ పేరు చెప్పి, వారింట్లో అని రాయించాను.

గంట అందిందని రాశాడు. డబ్బు రాలేదు. మొదట బ్యాంకుకు సెలవన్నాడు. తర్వాత వాళ్లమ్మకు బాగోలేదన్నాడు. నేను పాపం అనుకుని, ఆవిడ కోసం ప్రార్థన చేస్తానని కూడా రాశాను. తర్వాత జవాబులే ఆగిపోయాయి. నేను రోజూ పొద్దున్నే ఒక మెసేజు పెట్టడం మొదలుపెట్టాను. ఒకరోజు అతనే ఫోన్ చేశాడు. గొంతు పెద్దది చేయలేదు. పక్కింటి మనిషి మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఏందమ్మా, రోజూ గీ మెసేజులేంది? ముందు గీ గంట ఏ గుడిదో చెప్పు."

గుడిది కాదు, మా నాన్న ఎద్దుది అన్నాను.

"ఎద్దుకు గింత గంట కడ్తరా? నీ ఫోటో చూసిన. చర్చి ముందర నిలబడి దిగినవ్. చర్చికి పోయేటోళ్ల ఇంట్లకు గుడి గంట ఎట్లొచ్చిందని నేను నలుగురికి చెప్పాల్నా? నీ డోర్ నంబరు పార్శిల్ మీదనే ఉంది. ఊకుంటే ఇద్దరికీ మంచిది."

ఫోన్ పెట్టేశాక నేను మిషను దగ్గరే కూర్చుండిపోయాను. చేతిలో ఉన్న జాకెట్ ఎవరిదో కూడా గుర్తు రాలేదు. మొదట చేసిన పని, యాప్‌లో నా పేరు పక్కన ఉన్న, క్రిస్మస్ నాడు దిగిన నా ఫోటో తీసేయడం. తీసేశాక, తీసేసినందుకు ఇంకా భయమేసింది. నిజంగా తప్పు చేసినదానిలా ఉంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. "పోయింది పోనీ. గంట కోసం ఇల్లు పోగొట్టుకుంటమా?" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. నా దగ్గర కుట్టించుకునేవాళ్లంతా మా గల్లీవాళ్లే. ఆ గల్లీలోకి గుడి గంట అనే మాట ఒకటి వచ్చిందంటే, ఎద్దు సంగతి అడిగేదెవరు? ఇంటావిడ మంచిదే. కానీ ఆమె ఇంటి పరువు మీదికి ఇలాంటిది వస్తే మమ్మల్ని ఉండనిస్తుందా? నేను ముందు వాకిట్లోకి వెళ్లడం మానేశాను. గేటు దగ్గర బండి ఆగితే చాలు, పెడల్ మీద కాలు ఆగిపోయేది. ఎవరైనా జాకెట్ కోసం వచ్చి కొంచెం ముభావంగా ఉంటే, వీళ్లకు తెలిసిపోయిందా అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం యాప్ తీసేద్దామనే ఫోన్ పట్టుకున్నాను. తెరవగానే నా గంట కనపడింది. ఎర్రగుడ్డ మీద పెట్టి, కుంకుమ బొట్లు పెట్టారు. అమ్మేవాళ్ల పేరు వేరే ఎవరిదో ఉంది. లోపల వేలాడుతున్నది మాత్రం మా నాన్న కట్టిన సీలే. కింద రాసింది కూడబలుక్కుని చదివాను. ‘భద్రాద్రి ప్రాంతపు ప్రాచీన ఆలయ గంట. చాలా అరుదైనది.’

నన్ను బెదిరించడానికి అన్న మాటనే ఇప్పుడు అమ్మకానికి పెట్టాడు. వాడికి గుడీ తెలియదు, నలుగురూ తెలియదు, ఒట్టి దొంగ అని అప్పుడు అర్థమైంది. అర్థమైతే భయం తగ్గాలి కదా, తగ్గలేదు. కింద చాలామంది ధర పాడుతున్నారు. అందులో ఒకాయన, తమ ఊళ్లో గుడి కడుతున్నామని, చందాలు వేసుకుని కొంటున్నామని రాశాడు. ఈ గంట ఆ గుడిలో వేలాడుతుంది. ఎప్పుడో ఒకరోజు అది ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తారు. తీగ లాగితే వచ్చేది నా డోర్ నంబరే. మాట్లాడితే ఈ రోజే ముప్పు. మాట్లాడకపోతే ఎప్పుడు వస్తుందో తెలియని ముప్పు.

ముందు ఇంటావిడకు నేనే చెప్పాలనుకున్నాను. వాడి నోటి నుంచి వినకూడదు. ఆమె వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"నిజంగ ఎద్దుదేనా, చెల్లె?" అంది.

అన్నేళ్లుగా ఒకే గేటులో ఉన్నాం. ఆ ప్రశ్న నన్ను ఎక్కడో కోసింది. అయినా అడగడం న్యాయమే అనుకున్నాను. "అవ్ అక్కా" అని, నేను పెట్టిన ఫోటో చూపించాను. తాడు ఒరుసుకుని అరిగిన చోటు చూపించాను. ఆమె చూసింది. ఏమీ తేలనట్టే ఫోన్ తిరిగిచ్చింది.

"సరే. నాకు చెప్పినవ్ గద. గల్లీల ఇంకెవ్వరికి చెప్పకు. ఒక్కొక్కరు ఒక్కో తీరుగ అనుకుంటరు."

తల ఊపి వచ్చాను. ఆ మాట వినాలనే వెళ్లాను. కానీ మిషను ముందు కూర్చుంటే గుడి కడుతున్న ఆ ఊరాయన పెంచిన ధర కళ్ల ముందు ఆడింది. వాళ్లు ఇంటింటికీ తిరిగి అడిగి ఉంటారు. కోత పండుగ వేలంలో గుమ్మడికాయ అడుగున కుళ్లు కనపడితే ముసలివాళ్లెవరో ఒకరు అక్కడే అనేస్తారు, అది కూరకు పనికిరాదని. ఇక్కడ నేను తప్ప అనేవాళ్లు లేరు.

రాయడం మొదలుపెట్టాను. ఒక అక్షరానికి బదులు ఇంకొకటి పడేది. చెరిపి మళ్లీ రాశాను. ‘ఇది గుడి గంట కాదు. మా నాన్న ఎద్దు మెడలోది. లోపల ఉన్నది బండి సీల, చూడండి. నా దగ్గర పాడుకున్న మనిషి డబ్బు ఇవ్వలేదు. నన్ను బెదిరించాడు.’ నేను మొదట పెట్టిన ఫోటో కూడా కింద పెట్టాను. పంపే గుర్తు మీద వేలు పెట్టి కళ్లు మూసుకున్నాను.

గుడి కట్టే ఊరాయనే ముందు అడిగాడు, ‘నిజమా అమ్మా?’ అని. నిజమే అయ్యా అని రాశాను. ఇంకొకరు ఎవరో, సీల కనపడుతోందని రాశారు. ఆ వెనకే నా ఒక్కదానికే ఒక మెసేజు వచ్చింది. ‘రాసింది తియ్యి. సాయంత్రం లోపల తియ్యకుంటే మీ గల్లీకొస్త. అందరి ముందర అడుగుత.’

తలుపు గడియ పెట్టాను. మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. యార్డులో రాళ్లు కోసే చప్పుడులో వినపడి ఉండదు. తీసేద్దామని వేలు పెట్టాను. ఒక్కసారి నొక్కితే పోతుంది. కానీ వాడు ఎలాగైనా వస్తాడేమో, వస్తే ఇంటావిడ ముందు నేను ఏం చెప్పాలి? వద్దన్న పని చేసి, చెప్పకుండా కూర్చుంటే ఇంకా తప్పు. పెరటి వైపు నుంచి వెళ్లి ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలా అని అప్పటికే ఆలోచిస్తున్నాను.

ఆమె కళ్లజోడు తెచ్చుకుని మెసేజు చదివింది. తర్వాత నేను గంట కింద రాసింది మెల్లగా పైకి చదివింది.

"నువ్వే రాసినవా?"

"అవ్ అక్కా."

"గల్లీల చెప్పకే అంటే దునియాకంత చెప్పినవ్" అంది. నవ్విందో కోప్పడిందో నాకు తెలియలేదు.

"తీసెయ్యమంటవా?"

ఆమె గేటు వైపు చూసింది. "వద్దు. ఇప్పుడు తీస్తే వాడన్నదే నిజమైతది."

"వస్తే మరి?"

"వస్తే నా గేటుకే గద రావాలె. నాతోని మాట్లాడనీ."

కుర్చీ తెచ్చి గేటు లోపల వేసుకుంది. చింతపండు పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఇద్దరం గింజలు తీస్తూ ఉన్నాం. షేర్ ఆటో ఆగిన ప్రతిసారీ గేటు సందులోంచి చూసేదాన్ని. గ్యాస్ బండ తెచ్చినతను గేటు తడితే లేచి నిలబడ్డాను. ఆమె నన్ను చూసి, కూర్చోమన్నట్టు చేయి ఊపింది. ఎదురింటావిడ ఏంటి ఇద్దరూ ఇక్కడ కూర్చున్నారని అడిగితే, లోపల ఉక్కగా ఉందని చెప్పింది.

దీపాలు పెట్టే వేళకు ఫోన్ తెరిచి చూశాను. గంట లేదు, దాని కింద రాసినవీ లేవు. వాడి పేరు కూడా కనపడలేదు. ఎవరూ రాలేదు. ఆ గంట ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో నాకు తెలియదు.

వీధి మలుపులో మా ఆయన సైకిల్ కనపడింది. ఇంటావిడ లేచి చీర దులుపుకుని కుర్చీ లోపల వేయమంది. రోజూ రాత్రి గేటుకు తాళం ఆమే వేసుకుంటుంది. ఆ రోజు మా ఆయన లోపలికి వచ్చాక వేయమని తాళంచెవి నా చేతిలో పెట్టి, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లింది.