కట్టని ఆకుపచ్చ పీలిక

ఇది నా డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు నేను ఆ తలుపు తట్టలేదు.

నిన్న చినుకులు పడగానే వీధి గేట్ల దగ్గర తడిసిన పాత గుడ్డ వాసన వచ్చింది. వెలిసిపోయిన పీలికలు ఇంకా వేలాడుతున్నాయి. వాటిని కట్టింది ఖైరూన్ అత్త. తిరుపతిలో మా పల్లపు వీధి చివర జాకెట్లు కుట్టేది. పోలియో వచ్చిన ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచేది. ఒక ఏడాది చెరువు నీళ్లు వీధిలోకి వస్తే, అందరూ మేడలెక్కాక గానీ ఆమె ఎవరికీ గుర్తు రాలేదట. "మరిచిపోయేదానికి నేనేమన్నా దండెం మీది బట్టనా?" అని నవ్వేది. ఆ తర్వాతే ఈ పీలికలు. నడవలేనివాళ్లున్న గేటుకు ఎర్రది, చెవులు వినపడనివాళ్లున్న గేటుకు ఆకుపచ్చది. ఆకుపచ్చది కనిపిస్తే బయటి నుంచి కేకేసి పోకూడదు, లోపలికెళ్లి భుజం తట్టాలి.

ఆమెకు తెలుగు రాయడం రాదు. ఏ ఇంట్లో ఎవరున్నారో లిస్టు రాసే పని నాది. పుస్తకాల చాటున దాక్కునే పిల్లనని తెలిసే నన్ను ఇంటింటికీ పంపేది. "తట్టు పాపా, ఎవురూ కొరకరు."

పెంకుటిళ్లు పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులు. ఆరు నెలలకో కొత్త కాపురం దిగేది. ఆ వానాకాలం ముందు, అత్త తన కుట్టు మిషనుకు ఎదురుగా, కొత్తవాళ్లు దిగిన మూలింటికి వెళ్లమంది. గేటు దాకా వెళ్లాను. లోపల టీవీ హోరెత్తిపోతోంది. ఎవరినని చెప్పుకోవాలో తెలియక తిరిగి వచ్చేశాను.

"ఏమన్నారు?"

"అందరూ బాగున్నారంట అత్తా."

అలాగే రాశాను కూడా.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం చెరువు పొంగింది. మా నాయన గేటు గేటుకూ పరుగెత్తాడు. మూలింటికి పీలిక లేదు. "నీళ్లొస్తా ఉండాయి, పైకి రాండి!" అని కేకేసి ముందుకెళ్లాడు. లోపల చెవుడున్న ముసలామె ఒక్కతే ఉంది. మేడ మీద అత్త "మూలింటోళ్లు యాడ?" అని అడిగేసరికి వీధిలో నడుములోతు నీళ్లు. నాయన మళ్లీ దిగాడు. ఆమె మంచమెక్కి కిటికీ ఊచలు పట్టుకుని ఉందట. బతికింది. కానీ ఆ తర్వాత మబ్బు పట్టినా వణికిపోయేది.

"ఊరందర్నీ అడిగినావంట. మాయమ్మే కనపడలేదా?" అని ఆమె కొడుకు నిలదీశాడు.

"నేనే మర్సిపోయినా నాయనా," అంది అత్త. నేను పక్కనే ఉన్నాను. నెల తిరక్కుండానే వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు.

ఇప్పుడు లిస్టు కోసం నేనే తిరుగుతున్నాను. ప్రతి తలుపు ముందూ వెనక్కి తిరగాలనిపిస్తుంది. అయినా తడతాను.

అత్త చిత్తూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, అక్కడే పోయింది. బస్సెక్కేముందు పీలికల సంచి నా చేతిలో పెట్టి అన్న మాటలే ఆమె నాతో అన్న చివరి మాటలు.

"నువ్వు గేటుకాణ్ణించే మళ్లుకున్నది మిషను కాడ కూసోని సూసినా పాపా. కాలు నొప్పని నేనూ లేయలేదు. ఇంగ నువ్వు తట్టు."