ఉస్తాద్ తిట్టిన ఫోన్

లింగంపల్లిలో మా లేత్ షెడ్డు తాళం తీస్తుండగా ఉస్తాద్ భార్య, మా వదిన ఫోన్ చేసింది. నాకు పని నేర్పిన ఉస్తాద్ నిద్రలోనే పోయాడట. తాళంచెవి పట్టుకుని గడప మీద కూర్చుండిపోయాను. ముందు ఏడుపొచ్చింది, వెనకే భయమేసింది. ఆయన ముందు ఒప్పుకోవాల్సిన తప్పొకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఇనుప కడ్డీలను నున్నగా కోసి షాఫ్టులు చేస్తాం మేము. ఆరు మిషన్లు, ఒకప్పుడు ఆరుగురం. రాయదుర్గంలో అద్దాల భవనాలు లేచినకొద్దీ ఒక్కొక్కరే జారుకున్నారు. ఒకడు సెక్యూరిటీకి, ఒకడు కారు తోలడానికి. అక్కడ ఏసీ, ఇస్త్రీ చొక్కా. ఇక్కడ ఒంటినిండా నూనె. వాళ్లనేం అనగలం? చివరికి ఉస్తాద్, నేను మిగిలాం. నాకు చేతికంటే నోరు ఎక్కువ ఆడుతుంది కాబట్టి, నిజానికి ఆయనొక్కడే.

మిషన్ ఎక్కే ముందు పెళ్లిచూపులకు పోతున్నట్టు తల దువ్వుకునేవాడు. కడ్డీ తెగుతుంటే చూసేవాడు కాదు, వినేవాడు. నేను వాగితే, "చెవి మిషన్ మీద పెట్టు, నోరు ఇంట్ల పెట్టి రా" అనేవాడు. నేను చెడగొట్టిన ముక్కలన్నీ కిటికీలో పేర్చి, మావోడు ఇల్లు కడుతున్నడని వచ్చినవాళ్లకు చూపించేవాడు.

ఆరేళ్ల కిందట ఒకరోజు నాకు దురద పుట్టింది. గోడ వెనక నిలబడి, కోస్తా యాసలో ఉస్తాద్‌కు ఫోన్ చేసి, పెద్ద ఆఫీసులో మెయింటెనెన్స్ ఇన్‌చార్జిగా రమ్మన్నాను. నవ్వాపుకోలేక దొరికిపోయాను. వారం తిరక్కుండా రాయదుర్గం నుంచి అలాంటి ఫోనే నిజంగా వచ్చింది. నేను చాయ్‌కి వెళ్లి తిరిగొచ్చేసరికి ఉస్తాద్ మళ్లీ నేనే అనుకుని ఫోన్లో అరుస్తున్నాడు: "నీ యాస మాకు తెల్వదారా? ముందుగాల పనికి రా." ఎదురుగా చాయ్ గ్లాసులతో నేను. ఆయన నన్నొకసారి చూసి, ఫోన్ పెట్టేసి మళ్లీ మిషన్ వేశాడు.

ఆ తర్వాత ఆయన నొప్పితో మోకాళ్లు పట్టుకున్నప్పుడల్లా నాకు రాయదుర్గం ఏసీ గుర్తొచ్చేది. తప్పు నాదేనని చెప్పబోయి, ఇంకేదో జోకు వేసేవాణ్ణి.

పదకొండో రోజు పుప్పాలగూడలో వాళ్లింట్లో, పోయిన ఆ నౌకరీ గురించి చుట్టాలు నన్ను తిట్టిపోశారు. భోజనాలయ్యాక, ఆ నౌకరీ నావల్లే పోయిందని వదినతో చెప్పేశాను. ఆమె నన్ను వింతగా చూసి నవ్వింది.

"నీ మొఖం. వాళ్లు తెల్లారి మల్ల చేసిండ్రు, నేను పక్కనే ఉన్న. మర్యాదగ రానన్నడు. ఎందుకని అడిగితే, షెడ్డుల ఒకడున్నడు, వానికి ఇంక మిషన్ వినే చెవి రాలే అన్నడు."

మరి చుట్టాలంతా నన్నెందుకు తిడుతున్నారని అడిగాను.

"అడిగినోళ్లకు నీ పేరే చెప్పిండు. వానికి తిట్లు అలవాటే, పోనియ్ అన్నడు."

ఆరేళ్లు నన్ను ఆడించాడు, పెదవి కూడా కదపకుండా. ఆ విద్యలోనూ ఆయనే ఉస్తాద్. ఇంటికి వస్తూ ఆటోలో ఒక్కడినే నవ్వుకున్నాను, గుండె మీద నుంచి గూడ్సు బండి దిగిపోయినట్టుంది.

మర్నాడు తల దువ్వుకుని మిషన్ వేశాను. జేబులో ఫోన్ మోగింది. రాయదుర్గం ఆఫీసులకు పనివాళ్లను వెతికేవాళ్లే అయ్యుంటారు, ఎత్తలేదు. కిటికీలో నా చెడిపోయిన ముక్కల మీద ఎండ పడుతోంది. కడ్డీ మీంచి సన్నటి ఇనుప చుట్ట తెగకుండా జారుతోంది. నోరు మూసుకుని వింటున్నాను.