కమిషనరు గారు పైన, బోది కింద

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుందనగా నన్ను భావనపాడు వైపు మండలానికి సర్వేయరుగా బదిలీ చేశారు. ఆ జ్యేష్ఠమాసంలోనే కోర్టు నుంచి కాగితం వచ్చింది. ఒక బోది తగాదాలో అడ్వకేట్ కమిషనరుకు సాయంగా వెళ్లమని దాని సారాంశం. తగాదా ఉన్న పొలాన్ని జడ్జి గారు వచ్చి చూడలేరు కాబట్టి, ఆ కేసుతో సంబంధం లేని ఒక ప్లీడరును తన కళ్లుగా పంపిస్తారు. ఆయనే కమిషనరు. కొలతల గొలుసు పట్టుకుని వెంట నడిచే కాళ్లు మావి.

ఈసారి కోర్టుకు దొరికిన కళ్లు వైకుంఠరావు గారివి. జిల్లాలో ఆయన్ను గాలి ప్లీడరు అనేవారు. యాభై దాటాక, బుద్ధిమంతులు కాశీకి టిక్కెట్లు కొనుక్కునే వయసులో, ఆయన పారామోటారు కొనుక్కున్నారు. వీపుకు ఇంజను, దాని వెనక పంకా, నెత్తిన పెద్ద గొడుగు గుడ్డ, మధ్యలో ఒక్క మనిషికే చోటు. ఆదివారాలు భావనపాడు ఇసుకలో పరుగెత్తి లేచిపోయేవారు. సోమవారాలు బార్ రూములో అందరినీ కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పేవారు. రెండింటిలో మొదటిదే తక్కువ ప్రమాదమని ఆయన జూనియర్లు అనేవారు.

కేసు చిన్నది. వాది అప్పలనరసమ్మ, రెండెకరాల రైతు. ఆమె మడికి నీరు పక్కనున్న సింహాచలం పొలం మీదుగా ఒక బోదిలో రావాలి. ఆ వేసవిలో సింహాచలం బోది పూడ్చి దున్నేశాడు. పైగా అసలక్కడ బోదే లేదని కోర్టుకు రాసిచ్చాడు. మా సర్వే పటంలో అలాంటి పిల్లకాలువలు ఉండవు. నేల మీద ఆనవాళ్లు తేలితేనే ఆమెకు నీళ్లు, అదీ ఉభాలకు ముందే తేలాలి. ఉభాలంటే మా వైపు వరినాట్లు. ఆమె ఆకుమడిలో నారు అప్పటికే లేచింది.

తనిఖీకి ఇరుపక్షాలకూ నోటీసు ఇవ్వాలి, వారి సమక్షంలోనే చూడాలి. చెప్పిన రోజు పొద్దున్నే అందరం గట్టు మీద హాజరు. కక్షిదారులిద్దరు, వాళ్ల ప్లీడర్లిద్దరు, నేను, నా గొలుసు. కమిషనరు ఒక్కరే లేరు. అంతలో సముద్రం వైపు నుంచి రొద వినబడింది. వైకుంఠరావు గారు మా నెత్తిన మూడు చుట్లు తిరిగి, చెయ్యి ఊపి, రెండు గేదెలను ఊరు దాటించి వెళ్లిపోయారు.

“కమీసనరు దిగడేటి?” అన్నాడు సింహాచలం.

“దేవుడు మాత్రం దిగొచ్చి సూస్తన్నాడేటి? పైనుంచే గదా,” అంది అప్పలనరసమ్మ.

గంట తర్వాత ఆయన కారులో వచ్చి, కారు దిగకుండానే తనిఖీ అయినట్టు మా అందరి సంతకాలూ తీసుకున్నారు. నన్ను దగ్గరికి పిలిచి ఫోనులో ఫొటో చూపించారు. దున్నిన చేలోంచి అప్పలనరసమ్మ మడి దాకా, పాపిడి తీసినట్టు, ముదురు రంగు గీత ఒకటి. ఆ పొద్దున నేను దాన్ని రెండుసార్లు దాటాను, కనబడలేదు. ముప్పై ఏళ్ల నా సర్వీసు మీద నాకు కోపం వచ్చింది. ఆయన మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఒక్కసారి దిగి నడవండి, ఇద్దరి ఎదుటా కర్రలు పాతి కొలతలు రాసుకుందాం అన్నాను. ఇంత స్పష్టంగా కనబడుతుంటే కర్రలెందుకండీ అన్నారు. ఎగిరే పెద్దమనిషికి నడిచేవాడితో పనేముంటుందని గొలుసు చుట్టేశాను.

కోర్టులో ప్రతివాది ప్లీడరు అభ్యంతరం దాఖలు చేశాడు. ఎక్కడి నుంచి చూశారని జడ్జి గారు కమిషనరును అడిగారు. సుమారు నాలుగు వందల అడుగుల ఎత్తు నుంచి అని చెప్పి, అడక్కపోయినా ఆ రోజు గాలి ఏ దిక్కున వీచిందో కూడా వివరించారు. తనిఖీ మా సమక్షంలో జరగాలి, మా కక్షిదారుకు రెక్కలు లేవు అన్నాడు ప్రతివాది ప్లీడరు. కోర్టు హాలంతా నవ్వింది. రిపోర్టు కొట్టేశారు. దాంతోపాటే ఫొటో కూడా పోయింది.

రెండో కమిషనరు వచ్చేసరికి సింహాచలం ట్రాక్టరుతో లోతుగా దున్నించి, నీళ్లు పెట్టి, చేనంతా బురద చేసి దమ్ము పట్టేశాడు. ఈయన చెప్పులు విప్పి ప్రతి గట్టూ నడిచారు. పద్ధతిలో వంక పెట్టడానికి లేదు. బోది ఆనవాళ్లు లేవని ఎంతో పద్ధతిగా రాశారు. స్కెచ్చి మీద నేను సంతకం పెట్టాను.

“ఆ పోటో నువ్వు సూసినావు గదా బాబూ. మరి రాయవేటి?” అంది అప్పలనరసమ్మ.

ఇవాళ నేల మీద ఉన్నదే రాయాలమ్మా అన్నాను. నిబంధన అదే. ఆమె ముదిరిపోయిన నారును గేదెకు కోసుకుంటోంది. ఆ ఏడు ఆమె మడి నాటలేదు.

తర్వాత ఒకరోజు వైకుంఠరావు గారు మా ఆఫీసుకు వచ్చారు. మీరు దిగమన్నప్పుడు దిగాల్సింది అన్నారు. అంత మాట అనగలిగిన ప్లీడరును నేను మరొకరిని చూడలేదు. ఆయనంటే నాకు ఇష్టం మొదలైంది అప్పుడే. నిరుడు పోయారు, మంచం మీదే, బార్ రూములో అందరి అంచనాలూ తప్పని తేలుస్తూ. సంతాపసభలో ఆయనది ఆకాశమంత మనసని ముగ్గురు చెప్పారు. నన్నూ మాట్లాడమంటే సమయపాలన గురించి చెప్పి కూర్చున్నాను.

చెప్పవలసింది ఇది. కమిషనరు కారు దిగకపోయినా, వాది ప్లీడరు కోరితే కొలిచి స్కెచ్చిలో చూపించడం సర్వేయరు విధి. ఆ ప్లీడరు నాకు పదడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. గీత ఎక్కడుందో చెప్పి, కొలత కోరమని చెవిలో వేస్తే సరిపోయేది. నిబంధనల్లో నాకు అడ్డం వచ్చింది ఏదీ లేదు. అలిగాను, అంతే.