నకలు: పై అధికారులందరికీ

చంటికి ముప్పై నాలుగేళ్లు. ఆ వయసు మనిషిని చంటి అనడమేమిటని మీరు అడగొచ్చు. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు అంతే మరి, జుట్టు నెరిసినా వదలదు. మట్టి పరీక్షల కేంద్రంలో ఆమెతో పనిచేసేవాళ్లు కూడా అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి "చంటి మేడమ్" అంటారు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎలా ఇముడుతున్నాయో వాళ్లకే తెలియాలి.

రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని ఆరబెట్టడం, దంచడం, జల్లెడ పట్టడం, నీళ్లలో కలిపి ఉప్పు ఎంతుందో చూడటం ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల నేల సగానికి సగం చౌడు. పొద్దస్తమానం ఆమె కాగితాల మీద వేసే ముద్ర ఒకటే, "సాగుకు పనికిరాదు" అని. ఒకరోజు ఒక ముసలి రైతు ఆ కాగితం అందుకుని, చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పనికిరాదని నాకూ తెలుసు తల్లీ. పనికొచ్చేట్టు చెయ్యడం ఎలాగో అది చెప్పు" అన్నాడు.

ఆ కేంద్రం పని జబ్బు పేరు చెప్పడం వరకే, మందు చెప్పడం కాదు. మిగతావాళ్లు ఇలాంటివి రోజూ వింటారు, టీ తాగేసరికి మరిచిపోతారు. ఈవిడకి ఆ అలవాటు లేదు. ఆ మాట ముల్లులా దిగింది, మళ్లీ బయటికి రాలేదు.

వెతగ్గా వెతగ్గా జపాన్‌లో ఒక ఆచార్యుడు దొరికాడు. సముద్రం మీదపడి ఉప్పుపట్టిపోయిన పొలాలను కడిగి, మళ్లీ వరి పండించిన మనిషి. ఉత్తరాన మంచు కురిసే ఒక చిన్న ఊళ్లో పాఠాలు చెబుతాడు. ఆయన దగ్గర చదువుకుంటే ముసలాయనకి జవాబు చెప్పొచ్చు. చంటి కోరిక అంతే. మేడలు కావాలని కాదు, మిద్దెలు కావాలని కాదు.

కానీ జపాన్ చదువంటే ఫీజు కట్టి, ఫారం నింపి పడేస్తే అయిపోయేది కాదు. ముందు ఒక ఆచార్యుడు "ఈ మనిషిని నా దగ్గర ఉంచుకుంటాను" అని ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోకపోతే నీ మార్కులూ నీ ధ్రువపత్రాలూ చిత్తుకాగితాలతో సమానం. చంటి చాలామందికి రాసింది. ఒకాయన వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తున్నానన్నాడు. ఒకామె మా ప్రయోగశాలలో చోటు లేదంది. చాలామంది అసలు ఏమీ అనలేదు. చంటి తెల్లవారుజామున లేచి జపాన్ భాష నేర్చుకుంటూ, అక్షరాలు రాసిన కాగితాలు వంటింటి గోడకి అతికించేది.

"ఏమిటే ఈ గీతలు? కోడి గీరినట్టు!" అనేది తల్లి, పోపు వేస్తూనే.

"ఆ కోడి గీరిందే నాకు కూడు పెట్టేది, ఆగమ్మా."

మంచు ఊరి ఆచార్యుడికి మాత్రం తన సంచుల గురించీ, ముద్ర గురించీ, ముసలాయన గురించీ ఉన్నదున్నట్టు రాసింది. ఆయన జవాబిచ్చాడు! తెర మీద కనిపించి గంటసేపు మాట్లాడాడు. ఈమె వచ్చీరాని జపనీస్‌కి ఒకసారి నవ్వాడు, వెంటనే నవ్వినందుకు క్షమించమన్నాడు. చివర్లో అసలు సంగతి చెప్పాడు. ఉపకారవేతనానికి వాళ్ల శాఖ ఒక్క పేరే పైకి పంపగలదు. ఆ పేరు శాఖలోని అధ్యాపకులందరూ కూర్చుని నిర్ణయిస్తారు. తాను చంటి పేరు ప్రతిపాదిస్తాడు. చేరేనాటికి ముప్పై అయిదు నిండకూడదన్నది నియమం, కాబట్టి ఆమెకి ఇదే చివరి ఏడాది.

"సమావేశం అయ్యాక నేనే రాస్తాను. అందాకా దయచేసి నిశ్శబ్దంగా వేచి ఉండండి" అన్నాడు.

ఆ వేతనం లేకుండా జపాన్ వెళ్లే స్తోమత వాళ్ల ఇంట్లో ఎవరికీ లేదు. కాబట్టి చంటి వేచి ఉంది. వేచి ఉండటం ఆమెకి వచ్చు. రానిది ఆమె తండ్రికి.

ఆయన్ని ఊళ్లో అర్జీల మాస్టారంటారు. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. పెద్ద సర్కారు కచేరీకి ఎదురుగా ఒక ఇరుకు గదిలో, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, మూడు కుర్చీలు పెట్టుకుని జనానికి అర్జీలు రాసిపెడతాడు. అర్జీ రాయడమంటే ఆషామాషీ అనుకునేవాళ్లు ఒకసారి రాసి చూడండి, చుక్కలు కనిపిస్తాయి. ఆగిన పింఛను, కదలని ఫైలు, తప్పు పడిన సరిహద్దు, అన్నీ ఆయన వేళ్ల కింద దారిన పడ్డవే. ఆయన విద్య అంతా అర్జీలో ఉండదు, అడుగున ఉంటుంది. "నకలు:" అని రాసి, ఆ గుమాస్తా మీద అధికారి, ఆయన మీద ఇంకో అధికారి, ఆపైన మంత్రి దాకా వరసపెట్టి రాస్తాడు.

"ఒక్కడికి రాస్తే వాడి సొరుగులో పడి నిద్రపోతుంది. పదిమందికి పంపావనుకో, పదిమందికీ నిద్ర పట్టదు" అనేవాడు.

నిజానికి నిద్ర పట్టేది కాదు కూడా. ఆయన కాగితం వచ్చిందంటే కచేరీలో కుర్చీలు కదిలేవి. ఒక ముసలమ్మకి ఏళ్ల తరబడి ఆగిన భర్త పింఛను వారంలో వచ్చి, ఆవిడ ఆయన కాళ్ల మీద పడబోతే ఈయన హడలిపోయి బల్ల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అలాంటి మనిషి ఇంట్లో, అన్నం దగ్గర, రోజూ ఇదే సంభాషణ:

"ఏమైనా వచ్చిందా అమ్మా?"

"రాలేదు నాన్నా."

"నువ్వు గుర్తు చెయ్యలేదా? అడగనిదే అమ్మైనా పెట్టదు."

"నన్నెందుకు లాగుతారు మధ్యలో?" అని తల్లి.

"అక్కడ అలా అడగకూడదు నాన్నా. ఆయనే రాస్తానన్నారు."

"అందరూ అలాగే అంటారు. ఎక్కడైనా కచేరీ కచేరీయే. కదిపితే గానీ కదలదు."

చంటి నవ్వేసి ఊరుకుంది. అక్కడ గట్టిగా చెప్పి ఉండాల్సింది. నాన్న మాటలే కదా అనుకుంది.

ఒక మధ్యాహ్నం, పరీక్షా కేంద్రంలో మట్టి నీళ్లు తేరుకునేలోగా, ఆచార్యుడి ఉత్తరం వచ్చింది. పేరు చూడగానే చంటి చేతిలో పని పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుని మరీ తెరిచింది.

"మీ తండ్రిగారి లేఖ నాకు అందింది" అని మొదలైంది. "మా డీన్ గారికీ, అధ్యక్షులవారికీ, శాఖలోని నా సహోద్యోగులందరికీ, విద్యా మంత్రిత్వ శాఖకూ కూడా అందింది. నా ఆలస్యం వల్ల మీ కుటుంబానికి ఇంత మనోవేదన కలిగినందుకు నన్ను క్షమించండి. ఈ పరిస్థితిలో మీ పేరును నేను సమావేశం ముందు పెట్టలేను. మీరు మీ నేలకు తప్పక మేలు చేస్తారని నమ్ముతున్నాను."

కింద తండ్రి లేఖ జతచేసి ఉంది. ఆయన దుకాణం ఈమెయిల్ చిరునామా నుంచి వెళ్లింది. చంటి చదివింది. అయ్యో, ఎంత చక్కటి అర్జీ! ఇంగ్లీషులో రాసినా ఒక్క అచ్చుతప్పు లేదు. "సదరు ఆచార్యులవారు నా కుమార్తె దరఖాస్తును కారణం చూపకుండా తొక్కిపెట్టి ఉన్నారు" అట. "వారి నిర్లక్ష్య వైఖరిపై సంజాయిషీ కోరి, తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన" అట. అడుగున "నకలు:" అని ఉంది. ఆ శాఖలో పాఠం చెప్పే ప్రతి ఒక్కరి పేరూ వెతికి పట్టుకుని, హోదాతో సహా రాశాడు. ఎన్ని రోజులు కూర్చున్నాడో పాపం! ఎవరు చంటి పేరుకి చేతులెత్తాలో సరిగ్గా వాళ్లందరికీ, ఆమెని వెనకేసుకొచ్చిన ఒకే ఒక్క మనిషి మీద ఫిర్యాదు వెళ్లింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని ఊరికే అనలేదు పెద్దలు.

చంటి ఆ రోజంతా క్షమాపణ రాసింది. మా నాన్న వృత్తి ఇది, మా దగ్గర అర్జీలు ఇలాగే రాస్తారు, అందులోవి ఆయన మాటలు కావు, ప్రతి అర్జీలోనూ ఉండే మాటలే అని రాసింది. చదువుకుంటే తనకే సిగ్గేసింది. అయినా పంపింది. కొన్నాళ్లకి ఆచార్యుడి నుంచి కాదు, ఆ శాఖ కార్యాలయం నుంచి రెండు వాక్యాలు వచ్చాయి. వేరొకరి పేరు ఖరారైందనీ, దరఖాస్తు చేసినందుకు కృతజ్ఞతలనీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆమె కేంద్రంలో మట్టి సంచులు ఉంచే గదిలోకి వెళ్లి, వాటి మధ్య కూర్చుని ఏడ్చింది. కోపం వచ్చింది. ఇంటికెళ్లి గోడలు దద్దరిల్లేలా అరవాలనిపించింది. కానీ ఇంటికి వెళ్లేసరికి తండ్రి మంచి హుషారుగా ఉన్నాడు. పదిరోజులుగా అలాగే ఉన్నాడని ఆమెకి ఇప్పుడు అర్థమైంది. తాను రాసిన సంగతి ఎవరికీ చెప్పలేదు. పని అయ్యాక చెబుదామని కాబోలు, బహుమతి దాచుకున్నట్టు దాచుకున్నాడు.

"ఏమైనా వచ్చిందా అమ్మా?" అన్నాడు, కళ్లు మెరిపిస్తూ.

"ఈసారి వేరేవాళ్లకి ఇచ్చారట నాన్నా. నాకు రాలేదు."

ఆ మెరుపు ఆరిపోవడం ఆమె చూసింది. ఇంక అరవడానికి నోరు రాలేదు. ఆయన అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఆమె గోడ మీది కాగితాలు ఒక్కొక్కటే పీకుతోంది. ప్రతి కాగితంతోనూ కాస్త సున్నం ఊడి వస్తోంది. తల్లి ఏమీ అనకుండా చీపురు తెచ్చి ఊడ్చింది. కాసేపటికి, "మీ నాన్న పొద్దున్నే దుకాణానికి వెళ్లారే. నీ సంగతి పైవాళ్లకి రాస్తారట. ఈసారి వదిలిపెట్టనంటున్నారు" అంది.

చంటి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తింది.

దుకాణంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. తెర మీద అప్పటికే సగం పేజీ నిండింది. కూతుర్ని చూసి, ఎవరో అర్జీదారుకి చూపినట్టు ఎదురు కుర్చీ చూపించాడు.

"బాగా వచ్చావు. కూర్చో. వాళ్లు కాదన్న ఉత్తరం తేదీ చెప్పు."

"నాన్నా, ఆపు."

"అది కావాలమ్మా. 'సూచిక' అని పైన రాయాలి కదా. దేనిమీద రాస్తున్నామో చూపించకపోతే అర్జీ చెల్లదు. తేదీ ఎంత?"

ఆమెకి వాదించే ఓపిక లేదు. గుమాస్తాకి చెప్పినట్టు ఆచార్యుడి ఉత్తరం తేదీ చెప్పింది. ఆయన వేళ్లు అలవాటు కొద్దీ దాన్ని కొట్టేశాయి. కొట్టాక ఆగిపోయాయి. అర్జీలు రాసేవాడికి ఇంకేం గుర్తున్నా లేకపోయినా తాను పంపిన తేదీలు గుర్తుంటాయి.

ఆయన తెర మీది తేదీ మీద వేలు పెట్టాడు.

"నాది అందిన మర్నాడు" అన్నాడు.

చంటి తల వంచుకుంది.

"అది చూసేనా అమ్మా?"

"అవును నాన్నా."

"అప్పటిదాకా..."

"అప్పటిదాకా ఆయన నా పక్షానే ఉన్నారు."

ఎదురుగా కచేరీ గేటు తెరిచారు. జనం లోపలికి పోతున్నారు. ఆయన ముఖం ఎలా మారిందో చూడలేక చంటి గేటు వైపే చూస్తూ కూర్చుంది. తండ్రి మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. రాసిందంతా చెరిపేస్తున్నాడు. తరవాత మళ్లీ మొదలుపెట్టబోయాడు.

"ఆయనకి ఒక్కడికే రాస్తానమ్మా. తప్పు నాదని రాస్తాను. ముసలివాణ్ణి, తెలియక చేశానని. నకళ్లు పెట్టను."

"వద్దు నాన్నా."

"ఒక్క ఉత్తరం. నువ్వే చెప్పు, నువ్వు చెప్పినట్టే రాస్తాను."

"వద్దన్నానా! ఇంక ఎవరికీ రాయకు!"

ఆయన చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎంతమంది ఏడుస్తూ వచ్చినా "ఊరుకోండి, రాద్దాం" అని ధైర్యం చెప్పే మనిషి. ఆ ఒక్క మాట తప్ప ఇంకో ఓదార్పు ఆయనకి తెలియదు.

"రాయకపోతే మరేం చెయ్యనమ్మా?" అన్నాడు.

"ఏమీ చెయ్యకు నాన్నా. అప్పుడు కూడా ఏమీ చెయ్యకుండా ఉంటే బాగుండేది."

అనేసింది. అనకూడదనే ఇన్నాళ్లూ పళ్లబిగువున పట్టుకుని ఉంది, అయినా అనేసింది. ఆయన తల ఊపాడు. "అంతేనమ్మా. అంతే" అన్నాడు. గుమ్మంలో ఒక పెద్దావిడ చేతిలో కాగితాల సంచితో నిలబడి, మాస్టారూ లోపలికి రావచ్చా అని అడుగుతోంది. ఆయన ఆవిడ వైపు తిరగలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరికి చంటి లేచి, "ఇవాళ లేదమ్మా, నాన్నకి ఒంట్లో బాగోలేదు" అని చెప్పి తలుపు దగ్గరగా వేసింది.